వలయాల గొలుసులో కరెంటు ఎలా పారుతుంది

ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలుంటే చాలు, ఆ పాలిమర్ కరెంటును మోస్తుందని చాలా నోట్సుల్లో రాసి ఉంటుంది. ఇది సగమే నిజం. పాలీ పారా-ఫెనిలీన్‌నే తీసుకోండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా బెంజీన్ వలయాలే, వాటి మధ్య ఏకబంధాలు. కాగితం మీద చూస్తే సంయుగ్మతకు, అంటే ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలుండే ఆ వరుసకు, ఎక్కడా లోటు లేదు. తయారుచేసి, కడిగి, ఆరబెట్టి మీటరు పెడితే మాత్రం అది ఇన్సులేటరే. పాలీఅనిలిన్ సంగతి ఇంకా విచిత్రం. పచ్చగా ఉన్నప్పుడు సెంటీమీటరుకు కొన్ని సీమెన్సుల వాహకత చూపిస్తుంది. అదే పొడిని అమ్మోనియా నీళ్లలో వేస్తే నీలంగా మారి, వాహకత సుమారు వంద కోట్ల రెట్లు తగ్గిపోతుంది. గొలుసు అదే, వలయాలు అవే, గొలుసు మీదున్న ఎలక్ట్రాన్ల లెక్క కూడా అదే.

కాబట్టి ఏ సంయుగ్మ ఏరోమాటిక్ పాలిమర్ ఎదురైనా అడగాల్సిన ప్రశ్నలు మూడు. వలయాలు ఏ స్థానం నుంచి ఏ స్థానానికి అతుక్కున్నాయి? పక్కపక్క వలయాలు ఒకే తలంలో ఉన్నాయా, మెలి తిరిగాయా? గొలుసు మీద ఛార్జి ఉందా, ఉంటే దాన్ని సరితూచే అయాను ఏది? వీటికి జవాబులు తెలిస్తే ఆ పదార్థం రంగు, కరిగే గుణం, వాహకత చాలావరకు ముందే ఊహించవచ్చు.

వలయం తన ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా వదలదు

బెంజీన్‌లో ఆరు కార్బన్లు. ఒక్కోదానికి వలయ తలానికి నిలువుగా ఒక పీ-ఆర్బిటాల్, అందులో ఒక ఎలక్ట్రాన్. ఈ ఆరు ఎలక్ట్రాన్లూ వలయమంతా పరుచుకుని ఉంటాయి కాబట్టే ఆరు బంధాల పొడవూ ఒకటే, 1.39 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇలా పంచుకోవడం వల్ల దక్కే అదనపు స్థిరత్వం మోలుకు సుమారు 150 కిలోజౌళ్లు. ఇదే ఏరోమాటిక్ స్థిరత్వం. వలయాలను గొలుసుగా కట్టాక తలెత్తే చిక్కుకు మూలం కూడా ఇదే.

కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్లు వలయం దాటి పక్క వలయంలోకి పోవాలి. అంటే రెండు వలయాలను కలిపే ఏకబంధానికి కొంతైనా ద్విబంధ లక్షణం రావాలి. అలా రావాలంటే వలయం లోపల రెండే ద్విబంధాలు మిగిలి, రెండు వైపులా బయటికి ద్విబంధాలు పొడుచుకొచ్చే రూపం ఏర్పడాలి. దీన్నే క్వినాయిడ్ రూపం అంటాం. మామూలు రూపం బెంజినాయిడ్. బెంజినాయిడ్ నుంచి క్వినాయిడ్‌కు మారితే వలయం తన ఏరోమాటిక్ స్థిరత్వాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే ఛార్జి లేని గొలుసులో వలయాలన్నీ బెంజినాయిడ్ రూపంలోనే స్థిరపడతాయి. ఎలక్ట్రాన్లు ఎక్కువ సమయం సొంత వలయంలోనే ఉండిపోతాయి.

పాలీఎసిటిలీన్‌తో పోల్చి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందులో వలయాలు లేవు, ఏక, ద్విబంధాల వరుస మాత్రమే. వాటి స్థానాలు తారుమారు చేసినా అదే శక్తి గల అదే అణువు వస్తుంది. అక్కడ కూడా బంధాలన్నీ సమానమైపోవు. సుమారు 1.36, 1.44 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవులతో ఒకటి విడిచి ఒకటి ఉండిపోతాయి. ఒకే వరుసలో కట్టిన గొలుసుకు ఇలా పొట్టి, పొడుగు బంధాలుగా విడిపోతేనే శక్తి తగ్గుతుంది. దీన్ని పియర్ల్స్ విరూపణం అంటారు. ఆ విడిపోవడమే నిండిన స్థాయిలకూ ఖాళీ స్థాయిలకూ మధ్య సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం తెస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఉండే ఉష్ణశక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులే, కాబట్టి దానంతట అది అంతరం దాటే ఎలక్ట్రాన్లు లెక్కలోకి రానంత తక్కువ. 1977లో హిడెకి షిరకావా, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్ అయోడిన్ ఆవిరి తగిలించాకే పాలీఎసిటిలీన్ వాహకత కోటి రెట్లకు పైగా పెరిగింది. 2000లో వారికి రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది ఈ పరిశోధనల పరంపరకే.

వలయాల గొలుసుల్లో బంధాల పొడవుల తేడాకు తోడు ఏరోమాటిక్ స్థిరత్వం కూడా అంతరాన్ని పెంచుతుంది. పాలీ పారా-ఫెనిలీన్‌లో అది సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. నాలుగు కార్బన్లు, ఒక గంధకం ఉన్న థయోఫీన్ వలయానికి బెంజీన్ అంత ఏరోమాటిక్ స్థిరత్వం లేదు కాబట్టి పాలీథయోఫీన్‌లో సుమారు 2కి దిగుతుంది. ఇక్కడ అందమైన ఉపాయం ఒకటుంది. థయోఫీన్ వెన్నుకు ఒక బెంజీన్ వలయాన్ని అతికిస్తే వచ్చే పాలీ ఐసోథయానాఫ్తీన్‌లో అంతరం సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టుకు పడిపోతుంది. ఎందుకంటే గొలుసులో ఉన్న థయోఫీన్ క్వినాయిడ్ రూపం తీసుకోగానే, పక్కన అతికించిన బెంజీన్ పూర్తి ఏరోమాటిక్ అవుతుంది. ఒక వలయం పోగొట్టుకున్న స్థిరత్వం ఇంకో వలయానికి దక్కుతుంది. తక్కువ అంతరం గల పాలిమర్లు గీయడానికి కూర్చున్న ప్రతివారూ మొదట చూడాల్సిన అణువు ఇదని నా అభిప్రాయం. మూలకాలేవీ మార్చకుండా ఒట్టి అమరికతో ఏం సాధించవచ్చో దీనంత సూటిగా చూపించేది ఇంకోటి లేదు.

మెలి, అతుకు

రెండు బెంజీన్ వలయాలు ఏకబంధంతో కలిస్తే బైఫినైల్. ఆ బంధానికి అటూ ఇటూ ఆర్థో స్థానాల్లో, అంటే పక్కనే ఉన్న కార్బన్ల మీద, ఉన్న హైడ్రోజన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల, ఆవిరి స్థితిలో వలయాలు సుమారు 44 డిగ్రీలు మెలి తిరిగి ఉంటాయి. పీ-ఆర్బిటాళ్లు ఒకదాని మీదికొకటి వాలడం ఈ కోణపు కొసైనుతో తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 0.94, 44 దగ్గర 0.72, 90 దగ్గర సున్నా. ఘన పాలీ పారా-ఫెనిలీన్‌లో గొలుసులు ఒత్తుగా పేర్చుకోవడం వల్ల మెలి 20 డిగ్రీల దరిదాపుల్లోకి తగ్గుతుంది, అయినా పూర్తిగా పోదు.

దీనికి రెండు మందులు. వలయాల మధ్య ఒక వినిలీన్, అంటే ద్విబంధంతో కలిసిన రెండు కార్బన్లు, పెడితే ఆర్థో హైడ్రోజన్లకు చోటు దొరికి గొలుసు చదును అవుతుంది. ఇదే పాలీ ఫెనిలీన్ వినిలీన్, పీపీవీ. 1990లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ బృందం ఆకుపచ్చ కలిసిన పసుపు కాంతి రాబట్టిన మొదటి సంయుగ్మ పాలిమర్ ఎల్‌ఈడీ దీనితోనే చేసింది. రెండో మందు, జంట వలయాలను ఒక కార్బన్ వంతెనతో బిగించేయడం. ఫ్లోరీన్ వలయం అలాంటిదే, దాని పాలిమర్లు నీలి కాంతినిస్తాయి.

మెలి వల్ల ఇంకో పర్యవసానం ఉంది. గొలుసులో వందలాది వలయాలున్నా, ఎలక్ట్రాన్ దృష్టిలో అది ఒకే పొడవాటి గొలుసు కాదు. మెలి ఎక్కువైన ప్రతి చోటా, అతుకు తప్పిన ప్రతి చోటా సంయుగ్మత తెగుతుంది. అందుకే అణుభారం పెంచుకుంటూ పోయినా ఒక హద్దు దాటాక రంగు మారదు. అణుభారం చూపించి సంయుగ్మత పొడవు ఇంత అని రాసే నివేదికలు ఈ విషయంలో తప్పుతోవ పట్టిస్తాయి. ఆ పొడవును చెప్పేది శోషణ వర్ణపటమే.

అతుకు స్థానం మాటకొస్తే, పెన్నూ కాగితంతో చేసే పరీక్ష ఒకటుంది. వలయం రెండు వైపులా బయటికి ద్విబంధాలు వచ్చేలా క్వినాయిడ్ రూపం గీయడానికి ప్రయత్నించండి. పారా అతుకులో, అంటే ఎదురెదురు కార్బన్ల దగ్గర అతికితే, వస్తుంది. మెటా అతుకులో, అంటే మధ్యలో ఒక కార్బన్ విడిచి అతికితే, ఎంత తిప్పినా ఒక కార్బన్‌కు నాలుగు బంధాలు పూర్తికావు. అంటే మెటా అతుకు దగ్గర సంయుగ్మత ఆగిపోయినట్టే. థయోఫీన్‌లో 2,5 స్థానాల అతుకు సరైనది, 2,4 అతుకు మెటా లాంటిదే. పెడాట్ అనే పాలీథయోఫీన్ రకంలో థయోఫీన్ వలయపు 3, 4 స్థానాలను రెండు ఆక్సిజన్లతో ముందే మూసేస్తారు, కాబట్టి తప్పు అతుక్కు అవకాశమే ఉండదు. 1980ల చివర్లో జర్మనీలో బేయర్ కంపెనీ పరిశోధనశాలలో పుట్టిన ఈ పాలిమర్ ఇంతకాలం నిలబడటానికి ఈ మూత ఒక ముఖ్య కారణం.

అతుకు సరైన స్థానాల్లోనే పడినా, దిశ తప్పితే మళ్లీ మెలి వస్తుంది. పాలీ 3-హెక్సైల్ థయోఫీన్, అంటే పీ3హెచ్‌టీ, ఇందుకు మంచి ఉదాహరణ. వలయంలో 3వ స్థానంలో ఆరు కార్బన్ల పక్క గొలుసు (హెక్సైల్) ఉంటుంది కాబట్టి 2వ కొసను తల అనీ 5వ కొసను తోక అనీ అంటారు. తల-తోక వరుసగా కలిస్తే హెక్సైల్ గుంపులు ఒకదానికొకటి దూరంగా ఉండి గొలుసు చదునుగా ఉంటుంది. తల-తల కలిస్తే రెండు హెక్సైళ్లు ఎదురెదురుగా పడి వలయాలు మెలి తిరుగుతాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఆక్సీకరించి చేస్తే, అంటే ఒక మోలు మోనోమర్‌కు నాలుగు మోల్స్ చొప్పున పొడి క్లోరోఫామ్‌లో, తల-తోక అతుకులు 70 నుంచి 80 శాతం వస్తాయి. 2,5-డైబ్రోమో-3-హెక్సైల్ థయోఫీన్‌ను ఒక తుల్యాంకం గ్రిన్యార్డ్ కారకంతో (మెగ్నీషియం ఉన్న కర్బన సమ్మేళనం) టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో మార్చి, ఆ తర్వాత నికెల్ ఉత్ప్రేరకం వేసే పద్ధతిలో 98 శాతం దాటుతాయి. మోనోమర్, నికెల్ నిష్పత్తే గొలుసు పొడవును నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిని చెడగొట్టేవి రెండు. టీహెచ్‌ఎఫ్‌లో తేమ ఉంటే గ్రిన్యార్డ్ అక్కడే చచ్చిపోయి ఒక బ్రోమిన్ పోయిన మోనోమర్ మిగులుతుంది, పొట్టి గొలుసులే వస్తాయి. గ్రిన్యార్డ్ ఎక్కువైతే పెరుగుతున్న కొసలతో చర్య జరిపి గొలుసును అక్కడితో ముగించేస్తుంది.

ఏది వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాదు. అణువులో ఏ హైడ్రోజన్ ఎలాంటి చోట ఉందో చూపించే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ వర్ణపటంలో వలయానికి ఆనుకున్న మెథిలీన్ హైడ్రోజన్లు తల-తోక అతుకు దగ్గర 2.80 పీపీఎం వద్ద, తల-తల అతుకు దగ్గర 2.58 వద్ద కనిపిస్తాయి. ఈ రెండు శిఖరాల వైశాల్యాల నిష్పత్తే జవాబు. వలయ హైడ్రోజన్ విషయంలో మంచి నమూనాకు 6.98 దగ్గర ఒకే గీత, చెడ్డదానికి 7.05 వరకు మరో మూడు గీతలు. ఎన్‌ఎంఆర్ లేకపోతే కంటితోనే కొంత చెప్పవచ్చు. తల-తోక నమూనా క్లోరోఫామ్‌లో నారింజ రంగులో ఉంటుంది, గాజు మీద పొరగా ఆరగానే ఊదాగా మారుతుంది. ద్రావణంలో 450 నానోమీటర్ల దగ్గరున్న శోషణ పొరలో 550 దరిదాపులకు జరిగి, 605 దగ్గర ఒక భుజం మొలుస్తుంది. ఆ భుజం గొలుసులు చదునుగా పేర్చుకున్నాయనడానికి గుర్తు, పేర్పులో వలయాల మధ్య దూరం సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. దిశ తప్పిన నమూనా ఆరాక కూడా నారింజ రంగులోనే మిగిలిపోతుంది.

ఛార్జి ఎక్కడి నుంచి

ఇప్పటిదాకా చెప్పిందంతా దారి గురించే. దారిలో నడిచే ఛార్జి వేరుగా తేవాలి. గొలుసు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగేస్తే, ఆ చోట నాలుగైదు వలయాలు కలిసి క్వినాయిడ్ రూపంలోకి సర్దుకుంటాయి. ఈ విరూపణంతో కలిపి ఆ ధనావేశాన్ని పోలారాన్ అంటారు. అదే చోటి నుంచి రెండో ఎలక్ట్రాన్ కూడా పోతే బైపోలారాన్. ఏరోమాటిక్ గొలుసుల్లో క్వినాయిడ్ రూపం శక్తి ఎక్కువ కాబట్టి ఈ విరూపణం గొలుసంతా పాకదు, కొన్ని వలయాలకే పరిమితమై గొలుసు వెంట జరుగుతుంది.

పోయిన ప్రతి ఎలక్ట్రాన్‌కూ బదులు ఒక రుణ అయాను పక్కన ఉండి తీరాలి. ఇలా ఛార్జి తేవడాన్నే డోపింగ్ అంటారు. సిలికాన్ డోపింగ్‌తో పోలిక ఇక్కడ తెగిపోతుంది. అక్కడ లక్షల పరమాణువులకు ఒకటి కలిపినా సరిపోతుంది. ఇక్కడ మూడు నాలుగు వలయాలకు ఒక అయాను. నాలుగు థయోఫీన్ వలయాల బరువు 328, వాటికి తోడు వచ్చే ఒక హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ బరువు 145. అంటే డోపింగ్ చేసిన పాలిమర్‌లో దాదాపు మూడో వంతు బరువు అయానులదే. అందుకే అయాను మారితే పొర మందం, గొలుసుల మధ్య దూరం, నీటిని పీల్చే గుణం అన్నీ మారతాయి. ఎలక్ట్రాన్లు తీసేయడానికి బదులు చేర్చి కూడా డోపింగ్ చేయవచ్చు, కానీ ఈ పాలిమర్లలో చాలావాటికి అలా వచ్చే రుణావేశం గాలిలోని ఆక్సిజన్, తేమ తగలగానే పోతుంది. అందుకే మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ఎలక్ట్రాన్లు తీసేసినవే.

పాలీఅనిలిన్: ఆమ్లంతో వచ్చే వాహకత

పాలీఅనిలిన్‌లో బెంజీన్ వలయాల మధ్య నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉంటే ఎమీన్, లేకుండా ద్విబంధంతో ఉంటే ఇమీన్. ఇమీన్ జంట మధ్య ఉన్న వలయం క్వినాయిడ్. నాలుగు వలయాల ముక్కను చూస్తే, అన్నీ ఎమీన్లైతే ల్యూకోఎమరాల్డిన్, దాదాపు రంగులేనిది. అన్నీ ఇమీన్లైతే పెర్నిగ్రానిలిన్, ఊదారంగు. సగం సగం ఉంటే, అంటే మూడు బెంజినాయిడ్, ఒక క్వినాయిడ్ అయితే, ఎమరాల్డిన్ క్షారం. అది నీలం, వాహకత సెంటీమీటరుకు సుమారు 10⁻⁹ సీమెన్సులు.

ఈ నీలం రూపానికి ఆమ్లం ఇస్తే ప్రోటాన్లు రెండు ఇమీన్ నైట్రోజన్ల మీద కూర్చుంటాయి. క్వినాయిడ్ వలయానికి రెండు ధనావేశాలు వస్తాయి. అవి ఒకేచోట ఉండలేక విడిపోతాయి. ఆ క్రమంలో క్వినాయిడ్ వలయం మళ్లీ బెంజినాయిడ్ అయి, రెండు జంటలేని ఎలక్ట్రాన్లు గొలుసు మీద సమ దూరంలో పరుచుకుంటాయి. బయటి నుంచి ఒక్క ఎలక్ట్రాన్ తీయలేదు, ఇవ్వలేదు. ఉన్నవాటి అమరిక మారింది, అంతే. ల్యూకో రూపానికి ఆమ్లం ఎంత పోసినా ఇలా జరగదు, ఎందుకంటే ప్రోటాన్ తీసుకోవడానికి ఇమీన్ లేదు.

తయారీకి అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయన శాస్త్ర సంఘం 2002లో ప్రచురించిన ప్రామాణిక పద్ధతి చాలామంది అనుసరించేది. ఎంఎస్సీ ప్రయోగశాలలో కూడా చేయదగ్గది. 2.59 గ్రాముల అనిలిన్ హైడ్రోక్లోరైడ్‌ను నీటిలో కరిగించి 50 మి.లీ. చేయాలి. 5.71 గ్రాముల అమోనియం పెర్‌సల్ఫేట్‌ను వేరుగా కరిగించి 50 మి.లీ. చేయాలి. రెండింటినీ గంటసేపు గది ఉష్ణోగ్రతలో, 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి, కలిపి, కాసేపు తిప్పి, అలా వదిలేయాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నీలి ఛాయ, దాని వెంట వేడి, ఆ తర్వాత ముదురు ఆకుపచ్చ. గది ఉష్ణోగ్రతలో అసలు చర్య పది నిమిషాల్లోపే అయిపోతుంది. మర్నాడు అవక్షేపాన్ని వడపోసి, 0.2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 100 మి.లీ. చొప్పున మూడుసార్లు, తర్వాత అసిటోన్‌తో అలాగే కడగాలి. గాలిలో ఆరబెట్టి, ఆపైన 60 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లో ఆరబెట్టాలి. లెక్క ప్రకారం సుమారు 2.2 గ్రాముల పొడి రావాలి. వేర్వేరు దేశాల్లోని ఐదు సంస్థల్లో ఎనిమిది మంది ఈ పద్ధతిలో చేసిన 59 నమూనాల సగటు వాహకత సెంటీమీటరుకు 4.4 సీమెన్సులు.

ఆ అంకెలు ఎక్కడివో తెలిస్తే తప్పులు కూడా తెలుస్తాయి. నాలుగు అనిలిన్లు గొలుసుగా కలవడానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు పోవాలి. ఒక వలయం క్వినాయిడ్ కావడానికి ఇంకో రెండు. మొత్తం పది. ఒక పెర్‌సల్ఫేట్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, కాబట్టి నాలుగింటికి ఐదు, అంటే నిష్పత్తి 1.25. తక్కువైతే దిగుబడి పడిపోతుంది. ఎక్కువైతే అంతకంటే పెద్ద నష్టం. చర్య మధ్యలో కనిపించే నీలం, ఆమ్లంలో ప్రోటాన్లు తీసుకున్న పెర్నిగ్రానిలిన్‌ది. చివర్లో మిగిలిన అనిలిన్ దాన్ని క్షయకరించి ఆకుపచ్చ ఎమరాల్డిన్‌గా మారుస్తుంది. పెర్‌సల్ఫేట్ ఎక్కువుంటే ఆ పని చేయడానికి అనిలిన్ మిగలదు. పెర్నిగ్రానిలిన్ అలాగే ఉండిపోయి, నీటితో చర్య జరిపి గొలుసులు తెగుతాయి. సీసా మూత సరిగా పెట్టక తేమ పట్టిన పెర్‌సల్ఫేట్ దీనికి వ్యతిరేక దోషం తెస్తుంది. త్రాసు 5.71 చూపించినా అందులో పనిచేసేది తక్కువే.

ఆమ్లత్వం కూడా అంతే ముఖ్యం. ఆమ్లంలో నైట్రోజన్ ఎదురు అనిలిన్ పారా స్థానంలోనే అతుక్కుంటుంది. పీహెచ్ 3 దాటిన ద్రావణంలో ఆర్థో అతుకులు పెరిగి, ఫినజైన్ వలయాలున్న గోధుమరంగు పొట్టి అణువులు వస్తాయి. అవి కరెంటు మోయవు. గోధుమరంగులో ముద్ద వస్తే మొదట అనుమానించాల్సింది పీహెచ్‌నే, ఆ తర్వాత పాతబడి రంగు తిరిగిన అనిలిన్‌ను. స్వచ్ఛమైన అనిలిన్‌కు రంగు ఉండదు. రంగు తిరిగినదాన్ని తగ్గించిన పీడనంలో స్వేదనం చేసుకోవాలి.

అందరూ చేసే తప్పు కడిగేటప్పుడు జరుగుతుంది. వడపోసిన నీరు తటస్థం అయ్యేదాకా స్వేదన జలంతో కడగడం మిగతా అవక్షేపాలకు మంచి అలవాటే. ఇక్కడ అది గొలుసు మీది ప్రోటాన్లను కూడా కడిగేస్తుంది. పీహెచ్ 4 దాటాక వాహకత వేగంగా పడిపోతుంది, పొడి అంచులు నీలంగా తిరుగుతాయి. అందుకే సజల ఆమ్లంతో కడగమన్నారు. అది సల్ఫేట్ అయానులను కూడా చాలావరకు క్లోరైడ్‌తో మారుస్తుంది. అసిటోన్ పొట్టి గొలుసులను తీసేసి, ఆరేటప్పుడు పొడి గడ్డకట్టకుండా చూస్తుంది. చర్య జరిగిన బీకరు గోడకు పల్చటి ఆకుపచ్చ పొర అంటుకుని ఉంటుంది. దాన్ని గీకి పారేయకండి. అమ్మోనియా ద్రావణం పోస్తే నీలం, ఒంపేసి ఆమ్లం పోస్తే మళ్లీ ఆకుపచ్చ. పైన చెప్పిన ప్రోటాన్ల కథ విద్యార్థికి చూపించడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

పరిమాణం పెంచేటప్పుడు జాగ్రత్త. ఈ చర్య బాగా వేడినిస్తుంది. 100 మి.లీ.లో ఆ వేడి గాజు గుండా పోతుంది. గాఢత పెంచి లీటర్లలో చేస్తే పోదు, ద్రావణం ఉడికి చిమ్ముతుంది. ఎక్కువ కావాలంటే మంచులో ఉంచి పెర్‌సల్ఫేట్‌ను కొద్దికొద్దిగా కలపాలి. 0 డిగ్రీల దగ్గర చేస్తే గొలుసులు పొడవుగా వస్తాయి, వాహకత మాత్రం అదే స్థాయిలో ఉంటుంది. అనిలిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, ఉప ఉత్పన్నంగా క్యాన్సర్ కారకమైన బెంజిడిన్ కూడా స్వల్పంగా రావచ్చు. ఫ్యూమ్ హుడ్, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు, కడిగిన నీళ్లను సింకులో పోయకూడదు.

కరిగించడం, కొలవడం

చదునైన గట్టి గొలుసులు ఒత్తుగా పేర్చుకుంటాయి, కాబట్టి ద్రావణి లోపలికి దూరదు. సంయుగ్మతకు మేలు చేసే ప్రతిదీ కరిగే గుణానికి కీడే. పీ3హెచ్‌టీకి హెక్సైల్ పక్క గొలుసు ఉన్నది కరగడానికే. పీపీవీని కరిగే సల్ఫోనియం పూర్వరూపంగా చేసి, పొరగా పరిచాక 200 డిగ్రీలకు పైగా వేడిచేసి గొలుసులో ద్విబంధాలు తెప్పిస్తారు. ఆ వేడిలో గాలి తగిలితే కార్బొనైల్ దోషాలు ఏర్పడి కాంతి చచ్చిపోతుంది. పెడాట్‌ను పాలీస్టైరీన్ సల్ఫోనేట్ అనే ఆమ్ల పాలిమర్‌తో కలిపి నీటిలో తేలేలా చేస్తారు. అందులో ఇన్సులేటరైన ఆ రెండో పాలిమరే బరువులో ఎక్కువ, వాహకత కోసం చేసిన రకాల్లో కూడా ఒకటికి రెండున్నర. మామూలుగా ఆరబెట్టిన పొర వాహకత సెంటీమీటరుకు 1 సీమెన్సు దరిదాపుల్లో ఉంటుంది. డీఎంఎస్‌ఓ లేదా ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావణిని 5 శాతం కలిపి పరిస్తే వందల్లోకి వెళుతుంది. అవి కొత్త ఛార్జిని తేవు, ఇన్సులేటర్ తొడుగును పక్కకు జరిపి పెడాట్ గొలుసులు ఒకదాన్నొకటి తాకేలా చేస్తాయి. ఆ ద్రావణం బాగా ఆమ్లం అనీ, కింద ఉన్న గాజు మీది ఐటీఓను (కరెంటు మోసే పారదర్శక ఆక్సైడు పూతను) మెల్లగా తింటుందనీ గుర్తుంచుకోవాలి.

పాలీఅనిలిన్ విషయంలో నీలి క్షారం ఎన్‌ఎంపీ అనే ద్రావణిలో కరుగుతుంది. 1 శాతం లోపు ఉంచితే హాయిగా వడపోయవచ్చు, 5 శాతం దాటితే హైడ్రోజన్ బంధాల వల్ల జెల్ కడుతుంది. ఆకుపచ్చ రూపాన్నే కరిగించాలంటే కర్పూర సల్ఫోనిక్ ఆమ్లం వాడాలి. రెండు నైట్రోజన్లకు ఒక ఆమ్లం చొప్పున, అంటే 1 గ్రాము క్షారానికి 1.28 గ్రాములు కలిపి నూరి, మెటా-క్రెసాల్‌లో కరిగించి పొర పరిస్తే సెంటీమీటరుకు వంద సీమెన్సులు దాటుతుంది. మెటా-క్రెసాల్ చుట్టుకున్న గొలుసును సాగదీసి చదును చేస్తుంది. క్లోరోఫామ్‌లో అదే మిశ్రమానికి అంత రాదు.

కొలిచేటప్పుడు మల్టీమీటరు రెండు సూదులు పొడి బిళ్ల మీద పెట్టి చదివిన సంఖ్యను నమ్మకండి. అందులో సూది, బిళ్ల కలిసే చోటి నిరోధం కూడా కలిసిపోతుంది. నాలుగు సూదుల పద్ధతిలో బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చదవాలి. సూదుల దూరం కంటే బాగా పల్చని, వెడల్పైన నమూనాకు నిరోధకత వోల్టేజిని కరెంటుతో భాగించి, మందంతోనూ 4.53తోనూ గుణిస్తే వస్తుంది. చిన్న బిళ్లలకు ఈ 4.53 చెల్లదు. బిళ్ల వ్యాసం సూదుల దూరానికి 10 రెట్లుంటే 4.17, 5 రెట్లే ఉంటే 3.36 వాడాలి. మామూలు 13 మిల్లీమీటర్ల బిళ్ల మీద 2 మిల్లీమీటర్ల దూరంలో సూదులు పెట్టి 4.53తోనే లెక్కకట్టిన వాహకతలు అందుకే తప్పుతాయి. పాలీఅనిలిన్ బిళ్ల గదిలోని తేమను కూడా పీల్చుకుని వాహకత మార్చుకుంటుంది. ఫలితం రాసేటప్పుడు ఆమ్లం పేరు, బిళ్ల కొట్టిన ఒత్తిడి, కొలిచిన ఉష్ణోగ్రత, ఆరోజు గదిలోని తేమ శాతం పక్కనే రాయండి. నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకొకరు ఆ సంఖ్యను తమ సంఖ్యతో పోల్చుకోలేరు.